మా థార్‌కి వేయించిన రెండంగుళాల లిఫ్ట్ ఎందుకు తీయించేశాను

చోడవరం ఇంకా నాలుగైదు కిలోమీటర్లు ఉందనగా జరిగింది. పాడేరు నుంచి దిగి వస్తున్నాం. ఘాట్ అయిపోయింది, మాడుగుల దాటేశాం, ఇక భయపడాల్సిన రోడ్డంటూ ఏమీ లేదు. స్పీడోమీటర్ 70 దగ్గర ఉంది. ఎడమ పక్క చెరుకు తోటలోంచి వెనక గడ్డిమోపు కట్టుకున్న మోపెడ్ ఒకటి అటూ ఇటూ చూడకుండా రోడ్డెక్కేసింది. కుడికి కోసి, ఎదురుగా లారీ కనిపించేసరికి మళ్లీ ఎడమకి తిప్పాను. మొదటి తిప్పుడుకి బండి ఒక పక్కకి ఒరిగింది, ఆ ఒరుగు తేరుకోకముందే రెండో తిప్పుడు పడింది, అప్పుడు ఎడమ పక్క చక్రాలు నేల వదిలేస్తున్నాయా అన్నంత తేలిక నా సీటు కింద తెలిసింది. అర సెకను కూడా ఉండదు. బండి మళ్లీ నేల మీద కూర్చుంది, మోపెడ్ అతను వెనక్కి కూడా చూడకుండా వెళ్లిపోయాడు, నేను పక్కకి తీసి ఆపేశాను.

పాప వెనక సీట్లో నిద్రపోతోంది, లేవలేదు. మా ఆవిడ మాత్రం డోర్ పైన హ్యాండిల్ పట్టుకున్న చెయ్యి తీయలేదు. కాసేపయ్యాక, "ఏమండీ, ఈ బండి ఇదివరకు ఇలా ఊగేది కాదు కదా" అంది. నిజమే, ఊగేది కాదు. బండిని నేల నుంచి ఇంకాస్త ఎత్తు లేపే మార్పునే లిఫ్ట్ అంటారు, అప్పటికి అది వేయించి ఏడు వారాలైంది.

ఇప్పుడు చాలామంది థార్, జిమ్నీ కొనగానే అదే వారంలో పెద్ద టైర్ల గురించి అడుగుతున్నారు. నన్ను అడిగిన వాళ్లకి ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్తూ వచ్చాను. ఈసారి కూర్చుని మొత్తం రాస్తున్నాను.

అసలు నేనెందుకు వేయించానో ముందు చెప్పాలి. అంతకుముందు చలికాలంలో పాడేరు దాటి లోపలికి వెళ్తుంటే ఒక గెడ్డ, అంటే వాగు, దాటాల్సి వచ్చింది. నీళ్లు మోకాలి లోతు కూడా లేవు కానీ మధ్యలో బోలెడు రాళ్లు. ఒక రాయి వెనక యాక్సిల్ మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే గేర్ల డబ్బాకి, అదే డిఫరెన్షియల్‌కి, ధడేల్మని తగిలింది. ఆ చప్పుడు నా బుర్రలో ఉండిపోయింది. బండి ఇంకాస్త ఎత్తుగా ఉంటే ఈ దెబ్బ తగిలేది కాదు కదా అనుకున్నాను. థార్‌కి కంపెనీ చెప్పే గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకీ బండి అడుగుకీ మధ్య ఖాళీ, 226 మిల్లీమీటర్లు, మన దేశంలో అమ్మే బండ్లలో అది తక్కువేమీ కాదు, అయినా చాలలేదనిపించింది. ఒక షాపుకి వెళ్తే స్ప్రింగుల దగ్గర బిళ్లలు పెట్టి లేపే రెండంగుళాల స్పేసర్ లిఫ్ట్, దాని మీద 285/75 ఆర్16 మడ్ టైర్లు వేసుకోమన్నారు. "ఏం కాదు సార్, అందరూ వేయించుకుంటున్నారు" అన్నారు. ఆ మాటతో నేను ఇంకేమీ అడగలేదు.

ఇప్పుడు లెక్క చూద్దాం, ఎందుకంటే లెక్క చేసుకుని ఉంటే నేను వేయించేవాణ్ణే కాదు. నా బండికి వచ్చిన టైరు 245/75 ఆర్16. దాని వ్యాసం దాదాపు 774 మిల్లీమీటర్లు. కొత్తది దాదాపు 834, బయట ముప్పై మూడంగుళాల టైరు అంటారే అదే. తేడా 60 మిల్లీమీటర్లు. కానీ యాక్సిల్ టైరు మధ్యలో ఉంటుంది కాబట్టి నేల నుంచి అది పైకి లేచేది అందులో సగం, అంటే 30 మిల్లీమీటర్లు మాత్రమే. మరి ఆ రెండంగుళాల లిఫ్ట్ ఏం చేసింది? అది ఛాసిస్ అనే అడుగు చట్రాన్నీ బాడీనీ పైకి లేపింది. వెనక ఉన్నది గట్టి యాక్సిల్, ఒక చక్రం నుంచి ఇంకో చక్రం దాకా ఒకటే గొట్టం, దాని మధ్యలో డిఫరెన్షియల్. స్ప్రింగుల పైన మీరు రెండంగుళాలు పెట్టినా ఆరంగుళాలు పెట్టినా స్ప్రింగుల కింద ఉన్న ఆ యాక్సిల్ అంగుళం కూడా లేవదు. ఏ భాగానికి రాయి తగిలిందని నేను డబ్బు పెట్టానో, ఆ భాగానికి లిఫ్ట్ వల్ల వచ్చిన లాభం సున్నా. దానికి పనికొచ్చింది టైరు ఇచ్చిన 30 మిల్లీమీటర్లే. లిఫ్ట్ చేసిన పనల్లా పెద్ద టైరు వీల్ ఆర్చ్‌కి తగలకుండా చోటివ్వడం, బండి పొట్ట పైకి లేపడం.

పొట్ట లేచింది అంటే దానితో పాటు ఇంజిన్, గేర్‌బాక్స్, సీట్లు, మేము, సామాను, అన్నీ లేచాయి. చోడవరం దగ్గర నా సీటు కింద తెలిసింది అదే.

బండి పక్కకి పల్టీ కొట్టే గుణం కొలవడానికి అమెరికా రోడ్డు భద్రతా సంస్థ వాళ్లు వాడే లెక్క ఒకటుంది. ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య ఉన్న వెడల్పుని, బరువు కేంద్రం నేల నుంచి ఉన్న ఎత్తుని రెట్టింపు చేసి, దానితో భాగించాలి. మామూలు కార్లకి 1.3 నుంచి 1.5 దాకా వస్తుంది, ఎస్‌యూవీలకి 1.0 నుంచి 1.3 మధ్య. ఆ అంకె ఎంత పెద్దదైతే బండి అంత నిలకడగా ఉంటుంది. ఉదాహరణకి చక్రాల మధ్య వెడల్పు 1500 మిల్లీమీటర్లు, బరువు కేంద్రం 700 ఎత్తులో ఉన్న బండి అనుకుందాం. 1500ని 1400తో భాగిస్తే 1.07. ఇప్పుడు లిఫ్ట్, టైర్లు కలిసి ఆ కేంద్రాన్ని 70 మిల్లీమీటర్లు లేపాయనుకుందాం. 1500ని 1540తో భాగించాలి, 0.97. పైకి చూడ్డానికి చిన్న తేడానే. కానీ ఎండిన తారు రోడ్డు మీద మంచి టైరు పట్టుని కూడా ఇలాగే ఒక అంకెగా కొలిస్తే, అది ఈ అంకెకి దగ్గర్లోనే ఉంటుంది. అంకె పట్టు కంటే బాగా పైన ఉన్నంత కాలం, అతిగా తిప్పితే టైరు జారుతుంది, బండి పక్కకి ఈడ్చుకుపోతుంది, భయం వేస్తుంది కానీ నాలుగు చక్రాలూ నేల మీదే ఉంటాయి. అంకె పట్టుకి దగ్గరగా దిగిందా, జారడానికి బదులు ఒరుగుతుంది. పైగా ఈ లెక్కలో బండి బిగుసుకున్న కర్రదుంగలాంటిదని అనుకుంటారు, నిజంలో స్ప్రింగులు నొక్కుకుంటాయి, ఎత్తైన టైరు గోడ మడుచుకుంటుంది, టాప్ మీద క్యారియర్ ఉంటే దాని బరువూ ఉంటుంది, అంటే నిజంలో అంకె ఇంకా కిందికే వస్తుంది.

ఇది కొత్త సంగతేమీ కాదు. మన మారుతి జిప్సీకి అన్నదమ్ములాంటి బండిని అమెరికాలో సుజుకీ సమురాయ్ పేరుతో అమ్మారు. 1988లో అక్కడి కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక దాన్ని సడన్‌గా పక్కకి తప్పించే పరీక్ష చేసి, పల్టీ కొట్టే ప్రమాదం ఉందని 'ఆమోదయోగ్యం కాదు' అని తేల్చేసింది. సుజుకీ వాళ్లు ఒప్పుకోలేదు, 1996లో కోర్టుకెక్కారు, 2004లో రాజీపడ్డారు. ఎవరు ఒప్పు ఎవరు తప్పు అన్నది అలా ఉంచితే, మన దగ్గర మారుతి వాళ్లు 1993లో జిప్సీ చక్రాల మధ్య వెడల్పుని 90 మిల్లీమీటర్లు పెంచారు. నాకు ఆ 90 చాలా ముఖ్యంగా అనిపిస్తుంది. కంపెనీ వాళ్లు వెడల్పు పెంచుకున్న జాతి బండిని మనం తీసుకెళ్లి ఎత్తు పెంచుతున్నాం.

లిఫ్ట్ బండి కొండ మీద పడిపోతుందేమో అని అందరూ భయపడతారు. నాకు తెలిసినంతలో కొండ మీద మనం గంటకి ఐదు కిలోమీటర్ల స్పీడులో, దిగి చూసుకుంటూ, ఒకరు బయట నిలబడి చెయ్యి ఊపుతుంటే పోతాం. ప్రమాదమంతా తిరిగొచ్చే తారు రోడ్డు మీద ఉంది. ఒళ్లు అలిసిపోయి ఉంటుంది, చీకటి పడుతుంటుంది, ఇల్లు చేరాలన్న తొందర ఉంటుంది, గేదో కుక్కో మోపెడో అడ్డం వస్తుంది.

మర్నాడు ఆదివారమైనా గాజువాక ఆటోనగర్‌లో మాకు ఏళ్ల తరబడి తెలిసిన మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాను. లిఫ్ట్ వేయించినప్పుడు ఆయనకి చెప్పలేదు, వద్దంటాడని తెలుసు. ఆయన ఒక్క మాట కూడా అనకుండా ముందు ఛాసిస్ కింద జాకీ పెట్టి చక్రం గాలిలో వేలాడేదాకా లేపాడు. "బాబూ, ఇలా వచ్చి ఈ పైపు ముట్టుకుని చూడండి" అన్నాడు. ఛాసిస్ నుంచి చక్రం దగ్గరికి వెళ్లే రబ్బరు బ్రేక్ పైపు అది. మామూలుగా వదులుగా వంపు తిరిగి ఉండాలి. వేలితో నొక్కితే కదల్లేదు, బట్టలారేసే తీగలా బిగుసుకుని ఉంది. తర్వాత నన్ను స్టీరింగ్ ఎక్కి ఒక చివరిదాకా తిప్పమన్నాడు. దిగి వచ్చి చూస్తే పైపు మొదట్లో, ఇనప మూత బిగించిన చోట, రబ్బరు మీద వెంట్రుకంత సన్నటి పగుళ్లు గుండ్రంగా కనిపించాయి. గోరుతో లాగితే పగులు విచ్చుకుంది. గోతిలో చక్రం పూర్తిగా వేలాడిన ప్రతిసారీ ఆ పైపే చక్రాన్ని పట్టుకుని ఆపుతోందన్నమాట. అది తెగితే ఆ లైన్లో బ్రేక్ ఆయిల్ అక్కడే కారిపోతుంది. ఘాట్ దిగేటప్పుడు తెగితే అన్న ఆలోచన వచ్చాక నేను ఇంకేమీ మాట్లాడలేకపోయాను.

అసలు సంగతేమిటంటే, స్పేసర్ అంటే స్ప్రింగు, షాకబ్జర్ కలిసి ఉన్న దాని నెత్తిన పెట్టే ఒక లోహపు బిళ్ల. అది చక్రాన్ని కిందికి తోస్తుంది. మిగతా సామాను, అంటే బ్రేక్ పైపు, బాల్ జాయింట్, స్టీరింగ్ టై రాడ్, డ్రైవ్ షాఫ్ట్, అన్నీ పాత పొడవుతో పాత కోణం కోసం తయారైనవే. థార్‌కి ముందు వైపు ఇండిపెండెంట్ సస్పెన్షన్, అంటే రెండు చక్రాలూ దేనికది విడిగా కదులుతాయి. వెనకలా కాకుండా ఛాసిస్ లేచిందంటే ముందు డిఫరెన్షియల్ కూడా దానితోపాటే లేస్తుంది, చక్రం కిందే ఉంటుంది, మధ్యలో చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ ఏటవాలుగా తిరగాల్సి వస్తుంది. మా బండికి ఎడమ వైపు ఆ షాఫ్ట్ జాయింటుని కప్పే రబ్బరు బూటు మడతల దగ్గర చిట్లి, రిమ్ము లోపల అంతా గ్రీజు చిమ్మి ఉంది. వేసింది ఏడు వారాల క్రితం. ఆ గ్రీజు పోయి దుమ్ము చేరితే జాయింటు ఎన్నాళ్లుంటుంది?

జిమ్నీ ఉన్న నా మిత్రుడిది వేరే బాధ. జిమ్నీకి ముందూ వెనకా రెండూ గట్టి యాక్సిళ్లే. దాన్ని లేపితే ముందు యాక్సిల్ కొద్దిగా తిరిగి, క్యాస్టర్ అనే కోణం తగ్గిపోతుంది. సైకిల్ ముందు ఫోర్కు ఏటవాలుగా ఉంటుంది కదా, చెయ్యి వదిలినా సైకిల్ తిన్నగా పోవడానికి ఆ వాలు సాయపడుతుంది, క్యాస్టర్ చేసే పని అదే. అది తగ్గాక 80 స్పీడులో ఒక గుంట తగలగానే స్టీరింగ్ రెండు చేతుల్లోనూ ఆగకుండా దడదడలాడిపోయిందట, పూర్తిగా ఆపితే గానీ తగ్గలేదట. యాక్సిల్ పక్కకి జరగకుండా పట్టుకునే పాన్‌హార్డ్ రాడ్ కూడా అడ్డంగా కాకుండా ఏటవాలుగా మారి, యాక్సిల్‌ని కొద్దిగా ఒక పక్కకి లాగేస్తుంది. వీటికి సరైన విడిభాగాలు ఉంటాయి, మార్చుకోవచ్చు, కానీ బిళ్లలు పెట్టే షాపులో వీటి మాటే ఎత్తరు.

బ్రేకుల గురించి ఇంకో మాట. టైరు పెద్దదైతే బ్రేకు డిస్కు పెద్దది కాదు. అదే కాలితో అదే బలంతో తొక్కితే, మా టైర్ల తేడాకి నేల దగ్గర అందే బ్రేకు బలం దాదాపు 7 శాతం తగ్గుతుంది. టైరు బరువెక్కింది కాబట్టి తిరుగుతున్న దాన్ని ఆపడం మరీ కష్టం. దీనికి తోడు స్పీడోమీటర్ పాత టైరు లెక్కే చూపిస్తుంది. లెక్క ప్రకారం అది 80 అన్నప్పుడు నిజంగా 86 మీద ఉంటాం. 80కీ 86కీ పెద్ద తేడా లేదనిపిస్తుంది కానీ ఆపాల్సిన శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, దాదాపు 16 శాతం ఎక్కువ. తక్కువ బ్రేకుతో ఎక్కువ వేగాన్ని ఆపుతున్నాం, మనకి తెలియకుండానే. బండి అదుపు తప్పబోతే తానే బ్రేకులు వేసి సర్దే ఈఎస్‌పీ ఉంది కదా అంటారు కొందరు. ఆ కంప్యూటర్‌కి కంపెనీ నేర్పింది కంపెనీ ఎత్తు, కంపెనీ టైరు. 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు బండిని గుద్ది చూసే పరీక్షలో థార్‌కి వచ్చిన నాలుగు స్టార్లు కూడా షోరూం ఎత్తులో ఉన్న బండికే. మన బండికి అవి వర్తిస్తాయో లేదో ఎవరూ గుద్ది చూడలేదు.

ఇంతవరకూ చెప్పింది లోపల కూర్చున్న వాళ్ల సంగతి. బయట వాళ్ల సంగతి నాకు ఇంకా ఎక్కువ బాధ. మేస్త్రీ దగ్గర్నుంచి వచ్చిన సాయంత్రం మా పాపని బానెట్ ముందు నిలబెట్టి నేను సీట్లో కూర్చున్నాను. దానికి నాలుగేళ్లు. కనిపించలేదు. ఒక అడుగు వెనక్కి వెళ్లమన్నాను, కనిపించలేదు. ఇంకో అడుగు, ఇంకో అడుగు, నాలుగో అడుగుకి జుట్టుకి కట్టిన రిబ్బను కనిపించింది. మా వీధిలో సాయంత్రం పూట ఆ ఈడు పిల్లలు పదిమంది ఆడుకుంటారు. మామూలు ఎత్తులో కూడా థార్ ముందు కనబడని చోటు ఉంటుంది, నేను దాన్ని నా డబ్బుతో పెంచుకున్నాను. అలాగే బంపరు ఎత్తు. చిన్న కారుని పక్కనుంచి గుద్దితే, దెబ్బ తట్టుకోవడానికి కింద గట్టిగా కట్టిన పట్టీకి తగలాల్సిన బంపరు, దాని పైన తలుపు రేకుకి తగులుతుంది. హెడ్‌లైట్లు కూడా పైకెక్కుతాయి, డిప్ కొట్టినా ఎదుటి బైకు వాడి కళ్లలోకే పడుతుంది. లిఫ్ట్ వేసిన రోజే లైట్లు కిందికి సర్దించాలి, అది స్క్రూడ్రైవర్‌తో అయ్యే పని, చాలామంది చేయించుకోరు. నేనూ చేయించుకోలేదు.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్తాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి, ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణలో, అనుమతి లేని ప్రతి మార్పుకీ ఐదు వేల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ అని పెట్టారు. జరిమానా కట్టేయొచ్చు. కానీ ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా మార్చిన బండితో రేపు ఎవరికైనా ఏదైనా అయితే, క్లెయిమ్ దగ్గర మొదటి ప్రశ్న దీని మీదే వస్తుంది.

మొత్తానికి తీయించేశాను. ముందు బ్రేక్ పైపులు రెండూ కొత్తవి, డ్రైవ్ షాఫ్ట్ బూటు కొత్తది, అలైన్‌మెంట్ మళ్లీ. పాత సైజులోనే, 245/75 ఆర్16, ఆల్ టెరైన్ టైర్లు కొన్నాను. డిఫరెన్షియల్ కింద ఒక గట్టి ఇనప పళ్లెం కట్టించాను, రాయి తగిలితే దానికి తగులుతుంది. 12 వోల్టుల చిన్న ఎయిర్ కంప్రెసర్ ఒకటి కొన్నాను, అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది ఇదే. మట్టిదారి మొదలవ్వగానే టైర్లలో గాలి 18, 20 పీఎస్‌ఐ దాకా దించేస్తాను. టైరు నేల మీద పొడవుగా పరుచుకుంటుంది, రాయి మీద ఎక్కినప్పుడు దాన్ని చుట్టుకుంటుంది, పట్టు ఎంత మారుతుందో ఒకసారి చేసి చూస్తే గానీ నమ్మరు. తారు రోడ్డు ఎక్కే ముందు మళ్లీ పూర్తిగా కొట్టాలి, ఇది మాత్రం మర్చిపోకూడదు, తక్కువ గాలితో స్పీడు పోతే టైరు వేడెక్కి పగిలిపోతుంది.

అయినా లిఫ్ట్ కావాల్సిందే అనే వాళ్లుంటారు. నిజంగా అవసరమున్న పనులూ ఉంటాయి, కాదనను. అలాంటి వాళ్లకి నేను చెప్పేది, బిళ్లల మీద కాకుండా స్ప్రింగులు, షాకబ్జర్లు కలిపి ఆ బండికోసమే తయారైన కిట్‌కి ఖర్చు పెట్టండి, పొడుగు బ్రేక్ పైపులు అందులో ఉన్నాయా అని అడగండి, చక్రం పూర్తిగా వేలాడదీసి స్టీరింగ్ రెండు వైపులా తిప్పించి మీ కళ్లతో పైపుని చూడండి, అలైన్‌మెంట్ రిపోర్టు కాగితం చేతిలో పడేదాకా డబ్బులివ్వకండి. చక్రాల మధ్య వెడల్పు పెరుగుతుందని చక్రం లోపలి వైపు బిగించే వీల్ స్పేసర్లు అంటగడతారు, అవి బేరింగుల మీద భారం పెంచి, గుంటలో పడినప్పుడు స్టీరింగ్‌ని చేతిలోంచి లాగేస్తాయి. టాప్ మీద సామాను కట్టకండి. తీసుకొచ్చాక మొదటి నెల హైవేలో 80 దాటకండి.

పోయిన జనవరిలో మళ్లీ అదే గెడ్డ దగ్గరికి వెళ్లాం. లిఫ్ట్ లేదు, చిన్న టైర్లే. ఈసారి ముందే దిగి, ప్యాంటు మడిచి నీళ్లలోకి వెళ్లి చూశాను. ఆ రాయి అక్కడే ఉంది, పైన నున్నగా, ఒక పక్క గీత పడి. అప్పట్లో నేను దాన్ని రెండు చక్రాల మధ్య నుంచి పోనిచ్చాను, అందుకే డిఫరెన్షియల్‌కి తగిలింది. మా ఆవిడని అవతలి ఒడ్డున నిలబెట్టి, ఆమె చెయ్యి చూపిస్తుంటే ఎడమ చక్రాన్ని సరిగ్గా ఆ రాయి మీదకే ఎక్కించాను. బండి మెల్లగా ఒక పక్కకి లేచింది, దిగింది. కింద ఏ చప్పుడూ రాలేదు.